ఒక్క కుర్చీ క్లినిక్: దంతవైద్యుడు తన రోజును, మాటను, ఒంటిని తీర్చిదిద్దుకునే పద్ధతి

పళ్ళ డాక్టరు ఎలా బతుకుతున్నాడో తెలియాలంటే ఆయన కారు చూడక్కర్లేదు. రిసెప్షన్ బల్ల మీదున్న అపాయింట్‌మెంట్ పుస్తకం తెరిస్తే చాలు. సాయంత్రం 6 గంటల గడిలో నాలుగు పేర్లు ఇరికించి ఉన్నాయనుకోండి. ఆ నలుగురిలో ఎవరి మాటా ఆయన పూర్తిగా వినలేదని, రాత్రి పదిన్నరకు మెడ పట్టేసి ఇంటికెళ్ళాడని, పిల్లలు అప్పటికే నిద్రపోయారని ఆ గడే చెబుతుంది.

పేషెంటుతో దగ్గరతనం గురించి వర్క్‌షాపుల్లో నవ్వు, పలకరింపు నేర్పుతారు. నవ్వడం అందరికీ వచ్చు. నవ్వేందుకు తీరిక ఉండదు, అంతే. ఆ తీరిక పుస్తకంలో ముందే రాసిపెట్టుకుంటే తప్ప దొరకదు. అందుకే ఈ మార్గదర్శి మాటతో కాక లెక్కతో మొదలవుతుంది. జిల్లా కేంద్రంలోనో, మండల కేంద్రంలోనో ఒకటి రెండు కుర్చీలతో సొంత క్లినిక్ నడిపేవాళ్ళ కోసం ఇది. పగలు కాలేజీలో పనిచేసి సాయంత్రాలు మాత్రమే క్లినిక్‌లో కూర్చునేవాళ్ళు గంటల్ని తమకు తగ్గట్టు కుదించుకోవచ్చు.

కుర్చీ గంట ఖరీదు

గత 3 నెలల ఖర్చుల సగటు తీయండి. ఉదాహరణకు ఒక క్లినిక్ లెక్క ఇలా ఉందనుకుందాం: అద్దె 18,000, ఇద్దరు అసిస్టెంట్ల జీతం 24,000, కుర్చీ, ఎక్స్‌రే మీద తీసుకున్న అప్పు వాయిదా 30,000, కరెంటు, నెట్, బయోమెడికల్ వ్యర్థాల రుసుము 8,000, మెటీరియల్స్, ల్యాబ్ బిల్లులు 25,000, ఇంటి ఖర్చు 60,000. మొత్తం 1,65,000 రూపాయలు. చాలామంది ఇంటి ఖర్చును ఈ లెక్కలోకి తీసుకోరు. నెలాఖరున డబ్బు ఎటు పోయిందో అర్థం కాకపోవడానికి సగం కారణం అదే.

ఇప్పుడు గంటలు. నెలకు 25 రోజులు, రోజుకు 6 గంటల కుర్చీ పని అంటే 150 గంటలు. కానీ కుర్చీ ఎప్పుడూ నిండుగా ఉండదు. 70 శాతం నిండిందనుకుంటే 105 గంటలే. 1,65,000ని 105తో భాగిస్తే గంటకు దాదాపు 1,570 రూపాయలు.

ఈ అంకె చేతిలో ఉంటే కొన్ని సంగతులు బయటపడతాయి. 500 రూపాయలకు క్లీనింగ్ చేసే క్లినిక్‌లో ఆ పని నిదానంగా 45 నిమిషాలు చేస్తే కుర్చీ ఖరీదే 1,180 అవుతుంది. నష్టం వస్తుంది కాబట్టి చెయ్యి దానంతటదే తొందరపడి 15 నిమిషాల్లో ముగిస్తుంది. 15 నిమిషాల్లో చిగురు కిందున్న గార రాదు. నెల తిరక్కుండానే మళ్ళీ రక్తం. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయట" అనే ఊరి మాటకు ఇంకో సాక్షి దొరుకుతాడు. అంటే ఆ పేషెంటు నమ్మకం పోయింది మీ మాట తీరు వల్ల కాదు, ఫీజు బోర్డు వల్ల.

ఫీజు పెంచాల్సి వస్తే అన్నీ ఒకేసారి పెంచకండి. ఒక్కో పనికి ఒక్కోసారి పెంచండి. నెల ముందే బోర్డు పెట్టండి. చికిత్స సగంలో ఉన్నవాళ్ళకు పాత ఫీజే తీసుకోండి.

వారాన్ని గడులుగా గీయండి

పుస్తకంలో గడి 15 నిమిషాలు ఉండాలి. అరగంట గడులు పెట్టుకుంటే చిన్న పనికి ఎక్కువ పోతుంది, పెద్ద పనికి చాలదు. మొదట ఈ కొలతలతో మొదలుపెట్టండి: కొత్త పేషెంటుకు 30 నిమిషాలు, రివ్యూకు 15, ఫిల్లింగ్‌కు, క్లీనింగ్‌కు, మామూలుగా పన్ను తీయడానికి 45 చొప్పున, క్యాప్ కోసం పన్ను అరగదీయడానికి, ముందు పంటి రూట్ కెనాల్‌కు 60 చొప్పున, దవడ పంటి రూట్ కెనాల్‌కు 90, లేదా 60 చొప్పున రెండు సిట్టింగులు. ప్రతిదాంట్లో చివరి 10 నిమిషాలు కుర్చీ తుడవడానికి, కేస్ షీట్ రాయడానికి. తర్వాత 20 రోజులపాటు అసిస్టెంటు చేత ప్రతి పనికీ మొదలు, ముగింపు వేళలు రాయించండి. మీ చేతి వేగం మీ ఊహకంటే తక్కువే ఉంటుంది. ఆ అసలు అంకెల్నే గడులుగా మార్చుకోండి.

ఏ పని ఎప్పుడు అన్నది కూడా ముఖ్యమే. పొడవాటి పనులు ఉదయం పెట్టుకోండి, కళ్ళు, నడుము తాజాగా ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్ళను టిఫిన్ తిని, రోజూ వేసుకునే మందు వేసుకుని ఉదయమే రమ్మనండి. చిన్నపిల్లల్ని కూడా ఉదయమే, వాళ్ళు నిద్రపోయే వేళకు ముందే. సాయంత్రాలు రివ్యూలకు, ఫిల్లింగులకు, ఉద్యోగాల నుంచి వచ్చేవాళ్ళకు.

రోజుకు రెండు గడులు ఖాళీగా ఉంచాలి. ఉదయం 11:45కి ఒకటి, సాయంత్రం 6:30కి ఒకటి అనుకోండి. వాపుతోనో భరించలేని సలుపుతోనో వచ్చేవాళ్ళ కోసం అవి. ఆ గడిలో నొప్పి తీసే పని వరకే చేయాలి, పూర్తి చికిత్స మొదలుపెట్టకూడదు. ఈ గడులు లేకపోతే ఆ మనిషిని ఇద్దరి మధ్య ఇరికిస్తారు. అక్కడి నుంచి రాత్రి దాకా అందరూ ఆలస్యమే.

మన ఊళ్ళలో ఫోన్ చేసి వచ్చేవాళ్ళు తక్కువ, నేరుగా వచ్చి కూర్చునేవాళ్ళు ఎక్కువ. వాళ్ళకు "కూర్చోండి, పిలుస్తాం" అనొద్దు. చీటీ మీద "6:15" అని రాసి ఇవ్వండి. అంతలో బజారు పని చూసుకొస్తారు. టైం చెప్పి ఆ టైంకే పిలిచే డాక్టరు ఊళ్ళో అరుదు కాబట్టి ఆ ఒక్క చీటీకే పేరొస్తుంది.

సంక్రాంతికి ముందూ తర్వాతా రెండు వారాలు వేరే ప్రపంచం. హైదరాబాదు, బెంగళూరు, అమెరికాల నుంచి వచ్చినవాళ్ళు అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వస్తారు. అప్పుడు మొదటి ప్రశ్న "తిరుగు టికెట్ ఎప్పుడు?" అనే ఉండాలి. రూట్ కెనాల్, క్యాప్ కలిపి, పండక్కి ల్యాబ్ మూసే రోజుల్ని కూడా లెక్కేస్తే 10 రోజులు దాటొచ్చు. అంత వ్యవధి లేకపోతే ఏది ఇప్పుడు, ఏది వచ్చే ఏడు అని మొదటి రోజే తేల్చేయండి.

వారంలో ఒక పూట కుర్చీ ముట్టుకోకుండా ల్యాబ్ ఫోన్లకు, లెక్కలకు, కష్టమైన కేసుల ఎక్స్‌రేలు తీరిగ్గా చూసుకోవడానికి ఉంచండి. ఆదివారం సెలవు. కన్సల్టెంటు ఆదివారాలే వస్తానంటే నెలకు రెండు ఆదివారాలు పనిచేసి, ఆ మరుసటి సోమవారాలు మూసేయండి.

మొదటి ఏడు నిమిషాలు

కొత్త పేషెంటును నేరుగా డెంటల్ ఛైర్ ఎక్కించకండి. వెల్లకిలా పడుకోబెట్టి, ముఖానికి లైటు కొట్టి, మాస్కు వెనక నుంచి "ఏంటి సమస్య?" అంటే ఎవరైనా సగమే చెబుతారు. పక్కన రెండు మామూలు కుర్చీలు వేయించండి. మాస్కు తీసి, వాళ్ళ కళ్ళ ఎత్తులోనే కూర్చోండి.

"చెప్పండమ్మా" అని ఊరుకోండి. రాయొద్దు, కంప్యూటర్ వైపు చూడొద్దు. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు కొలిచి చూస్తే, పేషెంటు చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్లు అడ్డుపడ్డారు. మీరు ఒక్క నిమిషం ఆగండి. చాలామంది అంతకుమించి మాట్లాడరు కూడా.

ఆ నిమిషంలో వచ్చే మాటలు సగం రోగనిర్ధారణ చేసిపెడతాయి. తెలుగులో నొప్పికి ఉన్నన్ని మాటలు కేస్ షీట్‌లో ఉండవు. "చల్లనీళ్ళు తగిలితే జివ్వుమని, వెంటనే పోతోంది" అంటే నరం ఇంకా బాగానే ఉండొచ్చు, అరుగుదలో చిన్న పుచ్చో చూడండి. "కాఫీ తాగాక పావుగంట దాకా తగ్గట్లేదు, రాత్రి పడుకుంటే సలుపుతోంది" అంటే నరం పాడైందన్న అనుమానం గట్టిగా రావాలి. "నమిలి వదిలేటప్పుడు కలుక్కుమంటోంది" అంటే పగులు కోసం వెతకండి. "పన్ను పైకి లేచినట్టుంది, కింది పన్ను తగిలితే చాలు ప్రాణం పోతోంది" అంటే వేరు చివర చీము, వాపు. తెలంగాణలో "గుంజుతుంది" అంటే ఎక్కడి నుంచి ఎక్కడికి గుంజుతుందో వేలితో చూపించమనండి. చెవిదాకా వెళ్ళే వేలు కింది దవడ పళ్ళవైపు చూపు తిప్పుతుంది. పేషెంటు వాడిన మాటనే కేస్ షీట్‌లో రాసుకుని, వచ్చేసారి అదే మాటతో అడగండి: "ఆ కలుక్కు తగ్గిందా?" గుర్తుపెట్టుకున్నారని అర్థం కావడానికి ఇంకేం అక్కర్లేదు.

తర్వాత మూడు ప్రశ్నలు. "తిని వచ్చారా?" అన్నది మన దగ్గర పలకరింపు. ఇక్కడ అది వైద్యం కూడా, ఖాళీ కడుపుతో భయంగా కూర్చున్నవాళ్ళే ఇంజెక్షన్‌కు ఎక్కువగా కళ్ళు తిరిగి పడిపోతారు. "వేరే మందులేమైనా వాడుతున్నారా, డబ్బా తెచ్చారా?" రక్తం పలుచబడే మాత్ర పేరు నోటితో చెప్పేవాళ్ళు తక్కువ, "గుండె బిళ్ళ" అంటారు. "ఇంతకుముందు పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళారా, అప్పుడేమైంది?" భయం పుట్టిన చోటు ఈ మూడో ప్రశ్నకు తెలుస్తుంది.

పిలుపు విషయంలో ఒక హెచ్చరిక. ఆఫీసరుకు "మీరు", కూలి పనికెళ్ళే మనిషికి "నువ్వు" అనే అలవాటు వెయిటింగ్ రూంలో కూర్చున్నవాళ్ళందరికీ వినిపిస్తుంది. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ళు మిమ్మల్ని "నువ్వు" అంటే అందులో అగౌరవమేమీ ఉండదు. మీరు మాత్రం "మీరు" దాటకండి.

చివరగా విన్నది తిరిగి చెప్పండి. "అంటే పది రోజుల నుంచి, ఎడమ కింద, రాత్రిళ్ళు ఎక్కువ. అంతేనా?" అవునని తల ఊపాకే డెంటల్ ఛైర్ మీదికి.

ఊరు, నీళ్ళు, పొగ

"ఏ ఊరు?" అన్నది కబురు కోసం అడిగే ప్రశ్నలా ఉంటుంది కానీ పళ్ళ డాక్టరుకు అది పరీక్షలో భాగం. నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు మన దేశంలో 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వైద్య పత్రికకు ఎక్కింది. నల్లగొండ పేరు మీద నీళ్ళ శుద్ధి పద్ధతే ఉంది, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దించేది. ఇలాంటి ఊళ్ళ నుంచి గోధుమరంగు మచ్చల పళ్ళతో వచ్చే ఆడపిల్ల చిన్నప్పటి నుంచి "సరిగ్గా తోముకోవు" అన్న తిట్లు తిని ఉంటుంది. మొదట చెప్పాల్సింది చికిత్స గురించి కాదు: "ఈ మచ్చ పన్ను ఎముకలో తయారయ్యేటప్పుడే పడింది. తోముకోకపోవడం వల్ల కాదు." తల్లి కూడా వినేలా చెప్పండి. ఆ తర్వాతే పైపొర రుద్ది తీయడం, తెల్లబరచడం, కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్ పదార్థం) వేయడం, అక్కడా కుదరకపోతే వెనీర్లు (పంటి ముందు అతికించే పలుచని పెంకులు). ఎప్పుడూ పన్ను తక్కువ అరిగే పని నుంచే మొదలుపెట్టండి.

పొగాకు దగ్గర "ఏమైనా అలవాట్లున్నాయా?" అని అడగడం దండగ. అలవాటు అంటే మన వాడుకలో చెడు అలవాటే, జవాబు "లేదండి" అని ముందే తయారుగా ఉంటుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో నిప్పు నోటి లోపల పెట్టి చుట్ట తాగే అడ్డపొగ ఉంది, ఎక్కువగా ఆడవాళ్ళలో. అక్కడ "చుట్ట నిప్పు లోపలికా, బయటికా అమ్మా?" అని మామూలుగా అడిగితే మామూలుగానే చెబుతారు. అద్దం పెట్టి అంగిలి మొత్తం చూడండి. తెల్లబారి, మధ్యలో ఎర్రటి చుక్కలుంటే ఫొటో తీసి, తేదీ రాయండి. పుండు, గడ్డలాంటిది కనిపిస్తే ఆలస్యం చేయకుండా బయాప్సీకి పంపండి. గుట్కా తినేవాళ్ళకు పైపన్ను, కిందిపన్ను అంచుల మధ్య నోరు ఎంత తెరుచుకుంటుందో మిల్లీమీటర్లలో కొలిచి ప్రతిసారీ చూపించండి. ఉపన్యాసం కంటే తగ్గుతున్న అంకె బాగా పనిచేస్తుంది. మానాలనుకునేవాళ్ళకు పొగాకు మాన్పించే జాతీయ ఉచిత నంబరు 1800-112-356 చీటీ మీద రాసివ్వండి.

డబ్బు మాట

ఎక్స్‌రే తెర మీద పెట్టి, పెన్సిల్ మొనతో చూపిస్తూ చెప్పండి. "రూట్ కెనాల్" అన్న మాట వింటేనే చాలామందికి గుండెల్లో రాయి పడుతుంది. "పన్ను పీకకుండా లోపలి గదిలో కుళ్ళింది తీసి, కడిగి, మూసేస్తాం. ఈ పంటి వేళ్ళలో కాలువలు మూడు, ఒక్కోసారి నాలుగు" అంటే అర్థమవుతుంది.

ఎప్పుడూ మూడు దారులు చెప్పాలి: పన్ను కాపాడటం, పన్ను తీయడం, ఏమీ చేయకుండా ఉండటం. మూడోది మర్చిపోతారు. ఏమీ చేయకపోతే ఏమవుతుందో నిజాయితీగా చెబితే మిగతా రెండూ అమ్మకంలా వినిపించవు. ఒక్కోదానికి సిట్టింగులెన్ని, ఎంత, ఎప్పుడెప్పుడు కట్టాలి అన్నది తెలుగులో కాగితం మీద రాసి ఇంటికి పంపండి. నిర్ణయం చాలాసార్లు కుర్చీలో ఉన్న పెద్దావిడది కాదు, డల్లాస్‌లో ఉన్న కొడుకుది. వీడియో కాల్‌లో ఆయనతో మాట్లాడండి, కానీ మొదట ఆమెకు చెప్పి, ఆమె ముందే.

"కాస్త తగ్గించండి సార్" అన్నప్పుడు అంకె తగ్గించకండి. అంకె తగ్గితే మొదట చెప్పింది ఎక్కువేనని తేలుతుంది. పనిని విడదీయండి: ఈ నెల రూట్ కెనాల్, వచ్చే నెల క్యాప్. అంతలో ఆ పక్క గట్టివి నమలొద్దని, క్యాప్ మానేస్తే పన్ను పగిలే ప్రమాదముందని అదే కాగితం మీద రాయండి. నిజంగా ఇవ్వలేనివాళ్ళకు నెలకు ఇన్ని కేసులు ఉచితంగా అని ముందే పెట్టుకోండి, అది బేరం కిందికి రాదు.

మత్తు ఎక్కాక పక్క పన్ను కూడా పుచ్చిందని కనిపిస్తే? ఆగండి. ఒక పనికి ఇచ్చిన ఒప్పుకోలు ఇంకో పనికి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది. కుర్చీ లేపి, అద్దంలో చూపించి, ఇంకో రోజు ఇవ్వండి.

ఇక పేషెంట్లను పంపేవాళ్ళకు కమిషన్. వృత్తి నియమావళికి విరుద్ధం, పైగా ఆ డబ్బు పేషెంటు బిల్లులోనే చేరుతుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ పంపితే సాయంత్రం ఫోన్ చేసి ఏం చేశారో రెండు ముక్కలు చెప్పండి. ఆయనకు ఊళ్ళో మర్యాద నిలబడుతుంది, మళ్ళీ పంపుతాడు.

సూది

పేషెంటు మిమ్మల్ని తూచేది ఇక్కడే. ఊళ్ళో మీ పేరు "నొప్పి తెలీకుండా చేస్తాడు" అన్న ఒక్క మాట మీద నిలబడుతుంది.

సూది గుచ్చే చోటును గాజుగుడ్డతో పొడిగా తుడవండి. తడి మీద రాసిన మత్తు జెల్ ఉమ్మిలో కొట్టుకుపోతుంది. జెల్ పెట్టి గడియారం చూసి 2 నిమిషాలు ఆగండి. అరనిమిషానికే సూది గుచ్చితే జెల్ రాసినా రాయకపోయినా ఒకటే. సిరంజి పేషెంటు కళ్ళ ముందు నింపకండి, గడ్డం కింది నుంచి అందుకోండి. "అస్సలు నొప్పుండదు" అనొద్దు. "చీమ కుట్టినట్టుంటుంది" అనండి, అది నిజం. చెంపను వేలితో లాగి బిగువుగా పట్టుకుని గుచ్చండి. వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకుని, నిమిషానికి 1 మిల్లీలీటరుకు మించకుండా ఎక్కించండి. నొప్పి పుట్టేది సూది మొన వల్ల కంటే మందు ఒత్తిడి వల్లే ఎక్కువ. కింది దవడ బ్లాక్‌కు, అంటే ఆ పక్క దవడ నరాన్ని మొద్దుబార్చే సూదికి, 1.5 నుంచి 1.8 మిల్లీలీటర్లు, అంటే దాదాపు రెండు నిమిషాల పని. మధ్యలో చెయ్యి ఆగకూడదు, మాట కూడా ఆగకూడదు.

సాధారణంగా వాడే 2 శాతం లిగ్నోకెయిన్‌లో అడ్రినలిన్ ఉంటుంది, కొందరికి గుండె దడదడలాడుతుంది. "మందు వల్లే, రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది" అని చెప్పకపోతే గుండెపోటు అనుకుంటారు. తర్వాత 5 నిమిషాలు పక్కనే ఉండండి. ఆ అయిదు నిమిషాలు ఫోన్ కోసం కాదు, వాళ్ళ పిల్లలు ఏం చదువుతున్నారో అడగడానికి. ముఖం పాలిపోయి చెమట పడితే కుర్చీ వెంటనే వంచి కాళ్ళు పైకెత్తి, నాడి, ఊపిరి చూడండి.

"పెదవి లావెక్కినట్టుందా?" అని అడిగి, పన్ను మీద చల్లటిది పెట్టి చూడకుండా ఎయిరోటర్ (పన్ను తొలిచే యంత్రం) తీయొద్దు. నరం మండిపోతున్న కింది దవడ పంటికి ఒక్క బ్లాక్ చాలకపోవడం మామూలే. ఇంకో బ్లాక్, లేదా పంటి చుట్టూ ఇంకాస్త మందు. మొదలుపెట్టేముందు ఎడమ చెయ్యి ఎత్తమని చెప్పి, ఒకసారి ఎత్తించి, ఆగి చూపించండి. తర్వాత నిజంగా ఎత్తినప్పుడు "ఓర్చుకోండి, అయిపోయింది" అన్నారా, ఆ మనిషి మళ్ళీ రాడు. వాళ్ళింట్లోవాళ్ళూ రారు.

పిల్లల విషయంలో 1959 నుంచీ వాడుకలో ఉన్న పద్ధతే ఇప్పటికీ మేలు: చెప్పు, చూపించు, ఆ తర్వాతే చెయ్యి. నీళ్ళ పిచికారీ ముందు వాడి అరచేతిలో, తర్వాత గోటి మీద, తర్వాత పంటి మీద. మొదటి రోజు అద్దంతో పళ్ళు లెక్కపెట్టి పంపేయండి. "ఏడిస్తే డాక్టరు సూదేస్తాడు" అనే తల్లిని మాత్రం మెల్లగా పక్కకు పిలిచి ఆపండి.

చివరి మూడు నిమిషాలు, మూడో రోజు

1996లో రెడెల్‌మేయర్, కానెమన్ చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే, బాధాకరమైన చికిత్సలో మనిషికి గుర్తుండేవి నొప్పి బాగా పెరిగిన క్షణం, ముగిసిన తీరు. చికిత్స ఎంతసేపు పట్టిందన్నది అంతగా గుర్తుండదు. కాబట్టి పని అవగానే గ్లవ్స్ తీసి వెళ్ళిపోకండి. మూతి మీది ముద్ద, రక్తం తడిగుడ్డతో తుడిపించండి. కుర్చీ నెమ్మదిగా లేపి ఒక నిమిషం కూర్చోబెట్టి అప్పుడు దింపండి, బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళు గభాలున లేస్తే తూలుతారు.

పన్ను తీసినవాళ్ళకు జాగ్రత్తలు కాగితం మీదా, నోటితోనూ: పత్తి 30 నుంచి 45 నిమిషాలు గట్టిగా కొరికి ఉంచాలి. ఉమ్మకూడదు, మింగేయాలి. 24 గంటలు పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. చల్లటి మజ్జిగన్నం. బీడీ, చుట్ట కనీసం 3 రోజులు బంద్. నొప్పి మాత్ర తిమ్మిరి దిగకముందే. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు. తర్వాత "ఇంటికెళ్ళాక ఏం చేస్తారో చెప్పండి" అని అడగండి. తప్పు చెబితే అది మీరు చెప్పిన తీరులో లోపం.

"పన్ను తీస్తే చూపు పోతుందట కదా?" అని గుమ్మం దగ్గర అడుగుతారు. నవ్వొద్దు. పంటి నరం వేరు, చూపు నరం వేరు, ఒకదానికొకటి తగలవని చెప్పండి.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకు ఒక ఫోన్. మూడో రోజు ఇంకొకటి, ఎందుకంటే పన్ను తీసిన గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడి ఎముక బయటపడితే, చెవిలోకి పాకే ఆ నొప్పి రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మొదలవుతుంది. ఫోన్ మీరు చేస్తే అది జాగ్రత్త. వాళ్ళు చేస్తే ఫిర్యాదు.

అసిస్టెంటును మర్చిపోకండి. మీరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే పేషెంటు ఆమెనే అడుగుతాడు: "నిజంగా తీయాల్సిందేనామ్మా?" పొద్దున్నే 10 నిమిషాలు ఆ రోజు కేసులన్నీ ఆమెతో చెప్పుకుంటేనే ఆమె జవాబు, మీ జవాబు ఒకటవుతాయి.

చెయ్యి తప్పినప్పుడు

రూట్ కెనాల్ చేసేటప్పుడు వేరు లోపల ఫైల్ (శుభ్రం చేసే సన్నటి పనిముట్టు) విరుగుతుంది. ఎంత చేయి తిరిగినవాళ్ళకైనా విరుగుతుంది, మళ్ళీ మళ్ళీ వాడిన ఫైలైతే ఇంకా త్వరగా. అప్పుడు చేయాల్సిన వరస: పని ఆపండి, ఎక్స్‌రే తీయండి, కుర్చీ లేపండి, మాస్కు తీయండి. "శుభ్రం చేసే సన్నటి పనిముట్టు కొస లోపల విరిగింది. కొన్నిసార్లు దాన్ని తీయొచ్చు, కొన్నిసార్లు అలాగే ఉంచి మూసేసినా పన్ను బాగుంటుంది. స్పెషలిస్టుకు చూపిద్దాం, ఆ ఖర్చు నాది." తేదీ, వేళ, చెప్పిన మాట కేస్ షీట్‌లో రాయండి. ఇంకో ఊళ్ళో ఎక్స్‌రే తీయించుకున్నాక తెలిస్తే విరిగిన ముక్క విషయం కాదు, దాచిన విషయం నలుగురిలో పడుతుంది.

ఒళ్ళు

మెడ, నడుము పాడయ్యేది పని వల్ల కాదు, వంగి చేయడం వల్ల. పేషెంటు నోరు మీ మోచేతి ఎత్తులో ఉండాలి, కంటికి, నోటికి మధ్య 35 నుంచి 40 సెంటీమీటర్లు. మీరు వంగేబదులు పేషెంటు తల తిప్పించండి: పైపళ్ళకు గడ్డం పైకి, కిందిపళ్ళకు గడ్డం కిందికి. పైదవడ పనికి తల వెనక 12 గంటల స్థానంలో కూర్చుని అద్దంలో చూసి చేయడం అలవాటు చేసుకోండి. నెల రోజులు చిరాకుగా ఉంటుంది, తర్వాత చెయ్యి తిరుగుతుంది. స్టూలు మీద తొడలు కొద్దిగా కిందికి వాలేలా కూర్చోండి.

లూప్స్ (నోటిని పెద్దదిగా చూపే కళ్ళద్దాలు) కొంటే మొదట 2.5 రెట్లు చాలు. రెట్ల కంటే ముఖ్యం కళ్ళద్దాలు కిందికి వాలే కోణం. తల 20 డిగ్రీలకు మించి వంగితే అవి మీకు సరిపోలేదన్నమాట. కొలతలు ఎగ్జిబిషన్ స్టాల్లో కాకుండా మీ స్టూలు మీద కూర్చుని ఇవ్వండి. రెండు చేతులకూ ఒకే రకం గ్లవ్స్ బొటనవేలిని లాగేస్తాయి, కుడి ఎడమలు వేరుగా ఉన్నవి తెప్పించుకోండి. గార తీసే స్కేలర్లు, క్యూరెట్లు పదును పెట్టించండి, మొద్దుబారిన వాటితో పట్టు బిగుస్తుంది, మణికట్టు పోతుంది. పేషెంటుకూ పేషెంటుకూ మధ్య అరనిమిషం భుజాలు వెనక్కి, గడ్డం లోపలికి. వారానికి మూడు రోజులు వీపు కండరాలకు 20 నిమిషాల వ్యాయామం.

హెపటైటిస్-బి టీకా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు, మీకూ అసిస్టెంట్లకూ. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయించి రక్షణ వచ్చిందో చూడాలి. సూది గుచ్చుకుంటే పిండకండి, సబ్బు నీళ్ళతో కడగండి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు, 28 రోజులు వాడాలి. ఆ మందులు మీ దగ్గర్లోని ఏ ప్రభుత్వాసుపత్రిలో దొరుకుతాయో నంబరుతో సహా గోడకు అంటించండి.

ఫోన్ ఎప్పుడు ఎత్తాలి

రాత్రి 9 తర్వాత ఎత్తాల్సిన ఫోన్లు కొన్నే: వాపు దవడ కిందికి, మెడకు పాకి, మింగడం కష్టమై, జ్వరం ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. పత్తి అరగంట కొరికినా రక్తం ఆగకపోతే చూడాలి. దెబ్బ తగిలి శాశ్వత పన్ను ఊడిపోతే వేరు ముట్టుకోకుండా, రుద్దకుండా పాలలో వేసి గంటలోపు తెమ్మనాలి. మిగతావన్నీ ఉదయం 11:45 గడికి. ఈ జాబితాను రిసెప్షన్‌లో తెలుగులో రాసి అంటిస్తే పేషెంట్లు కూడా దాన్ని గౌరవిస్తారు. రోజుల తరబడి నిద్ర పట్టక, క్లినిక్ తలుపు తీయాలంటేనే భారంగా ఉంటే మానసిక ఆరోగ్య ఫోన్ లైను 14416 డాక్టర్లకు కూడా పనిచేస్తుంది.

మళ్ళీ చేసిన పనుల పుస్తకం

పనితనం కొలవాలంటే ఆదాయం చూడొద్దు. 200 పేజీల నోట్‌బుక్ కొని, మళ్ళీ చేయాల్సి వచ్చిన ప్రతి పనీ అందులో రాయండి: ఊడిన ఫిల్లింగ్, సరిపోక ల్యాబ్‌కు తిరిగిపంపిన క్యాప్, నొప్పి తగ్గని రూట్ కెనాల్, పట్టని బ్లాక్. నాలుగు గళ్ళు చాలు: తేదీ, పని, ఏ వేళ చేశారు, ఎందుకు పోయిందనుకుంటున్నారు.

మూడు నెలలకోసారి, కుర్చీ ముట్టుకోని ఆ పూట, మూడో గడిని పైనుంచి కిందికి చదవండి. క్యాపులు తిరిగొస్తుంటే అంచు కొలత తీసేటప్పుడు చిగురు పొడిగా ఉందో లేదో చూడండి. ఫిల్లింగులు ఊడుతుంటే లాలాజలం ఆపిన తీరు చూడండి. ఎక్కువ పనుల పక్కన "రాత్రి 8 తర్వాత" అని ఉంటే కొత్త కోర్సు ఫీజు కట్టే ముందు అపాయింట్‌మెంట్ పుస్తకం తెరిచి, 8 తర్వాతి గడులు కొట్టేయండి.